అలిగినాయన రికార్డు

విన్సెంట్‌కు ఆ ఆదివారం కూడా కోపం వచ్చింది. వస్తుందని ఆయన భార్య సువార్తమ్మకు పొద్దున్నే తెలుసు. నెలకోసారి చర్చి నుంచి రాగానే ఆయన తెల్లచొక్కా విప్పకుండానే బీరువా ముందు కూర్చునేవాడు. రికార్డులన్నీ బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, చివరికి ఒకటి ఎంచుకుని, దాన్ని దిండు గలీబులో పెట్టుకుని స్కూటర్ మీద బయల్దేరేవాడు. పోయేటప్పుడు పెళ్లికి పోతున్నట్టు పోయేవాడు. వచ్చేటప్పుడు పంచాయితీలో ఓడిపోయినట్టు వచ్చేవాడు.

"ఇయ్యాల ఎవరేమన్నరు?" అన్నం వడ్డిస్తూ అడిగింది సువార్తమ్మ.

"ఏమన్నా అంటే మంచిగనే ఉండేది. వింటే కదా అనేది! హరికృష్ణకు ఫోనొచ్చింది. మౌళి సార్‌కు నిద్రొచ్చింది. ఆ సుభాషిణమ్మ పచ్చిమిర్చి బజ్జీలు తెప్పిచ్చింది. బజ్జీ చేతుల పట్టుకోని జాజ్ వింటరా ఎవరన్న? నూనె చేతులు! ఆ చేతులతోని రికార్డు అట్ట ముట్టుకున్నరు!"

సువార్తమ్మ పప్పుగిన్నె ఇటు జరిపింది. వరంగల్ మట్టెవాడలోని ఆ ఇంట్లో ఈ సంభాషణ కొత్తది కాదు.

విన్సెంట్ గూడ్స్ బండ్లకు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. కాజీపేట నుంచి ఎటు పోయినా బండి చివరి పెట్టెలో ఒక్కడే. ముందు ఇంజన్‌లో డ్రైవర్లిద్దరూ ముచ్చట పెట్టుకుంటూ పోతుంటే, వెనక ఈయనకు తోడు ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా. అన్నేళ్లు మూసుకున్న నోరు రిటైరయ్యాక తెరుచుకుంది. అదీ ఒక్క విషయం మీదే. మనిషి దొరికితే చాలు, నల్లజాతి అమెరికన్లు బూర, పియానో, డ్రమ్ములు పట్టుకుని ఈ జాజ్‌ను ఎట్లా పుట్టించారన్న దగ్గర ఎత్తుకునేవాడు. కూరగాయలు కొనేచోట ఎత్తుకునేవాడు, దవాఖానలో లైన్‌లో నిలబడి ఎత్తుకునేవాడు. చర్చి మెట్ల మీద ఎత్తుకుంటే పాస్టరుగారు ఇంకెవరినో పలకరించాల్సిన పని గుర్తొచ్చి పక్కకు జరిగేవారు.

అందుకే పాత రికార్డులు పోగుచేసేవాళ్లు వరంగల్‌లో ఇంకో ముగ్గురున్నారని తెలిసినరోజు ఆయనకు ఎడారిలో బావి దొరికినంత సంబరమైంది. ముగ్గురిలో పెద్దవాడు చంద్రమౌళి, రిటైరైన తెలుగు లెక్చరర్. ఆయన దగ్గర పద్యనాటకాల రికార్డులు గుట్టలు గుట్టలు. సుభాషిణి హన్మకొండలో బ్యాంకు మేనేజరు, గజళ్ల పిచ్చి. హరికృష్ణ పెళ్లిళ్లకూ సభలకూ సౌండ్ సిస్టమ్ కిరాయికిచ్చే మనిషి. వాళ్ల నాన్న మైకుసెట్టు కాలంనాటి సినిమా రికార్డులు దుకాణం అటక మీద ఉండిపోతే, అవి పారెయ్యబుద్ధిగాక కలెక్టరైనవాడు. నలుగురూ నెలకోసారి ఒకరింట్లో కలవాలని, తలా ఒక ఇష్టమైన రికార్డు తేవాలని, ఒక్కో దాంట్లో ఒకవైపు వినాలని ఒప్పందం.

బావి దొరికింది గానీ నీళ్లు అందలేదు. చంద్రమౌళి పద్యం పెడితే అందరూ ఊగేవారు. సుభాషిణి గజల్ పెడితే అందరూ నిట్టూర్చేవారు. హరికృష్ణ పాటలకైతే చెప్పనక్కరలేదు, అందరూ పాడేవారు. విన్సెంట్ వంతు రాగానే ఒకరికి మంచినీళ్లు కావాలి, ఒకరికి ఇంటిమీద ధ్యాస, ఒకరికి పార్కింగ్‌లో పెట్టిన బండి మీద ధ్యాస.

"ఎందుకట్లా?" అని ఆయన సువార్తమ్మనే అడిగేవాడు. "నేనేమన్న అన్యాయం అడుగుతాన్నా? ఒక్క సైడు. ఇర్వై నిమిషాలు. మనిషి ఇర్వై నిమిషాలు కుదురుగ కూసోలేడా?"

ఆమె ఒకసారి ఉండబట్టలేక అన్నది: "మీరు సూది పెట్టేముందు ఎంతసేపు మాట్లాడతాండ్లో చూసుకున్నరా?"

"చెప్పాలె కదా! ఎవరు వాయించిన్లు, ఏ ఊళ్లె రికార్డు చేసిన్లు, అంతకుముందు ఆయన ఎవరి బ్యాండుల ఉండె, అక్కడ్నుంచి ఎందుకు ఎల్లగొట్టిన్లు... చెప్పకపోతే వాళ్లకేం తెలుస్తది?"

"మీరు చెప్పుడు అయ్యేసరికి ఛాయ్ సల్లారుతదట. సుభాషిణి చెప్పింది నాకు."

ఆ మాటకు ఆయన రెండ్రోజులు అన్నం దగ్గర ముభావంగా ఉన్నాడు. సూది పెట్టేముందే కాదు, పెట్టాక కూడా మాట్లాడేవాడని ఆమె చెప్పలేదు. "ఇగో, ఇప్పుడు చూడుండ్రి... ఇప్పుడు బూర ఆగుతది... ఆ! ఇన్నరా? ఇప్పుడు పియానో అందుకుంటది చూడుండ్రి!" అని చెయ్యి పైకెత్తేవాడు. అందరూ ఆ చేతినే చూసేవారు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆయన గొంతు బొంగురుపోయింది. పడిశెం అనుకున్నారు. మిరియాల పాలు, శొంఠి, ఆవిరి, అన్నీ అయ్యాయి. నెలైనా తగ్గలేదు. హన్మకొండలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి, గొంతులో చిన్న గడ్డ ఉందని, తీసి పరీక్షకు పంపాలని చెప్పింది.

ఆ పరీక్ష జవాబు వచ్చేవరకు సువార్తమ్మ పొద్దునొకసారి, మాపటికొకసారి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేది. విన్సెంట్ బీరువా తలుపు కూడా తెరవలేదు. చివరికి భయపడాల్సింది ఏమీ లేదని తేలింది. ఎక్కువ మాట్లాడేవాళ్లకు, టీచర్లకు, పాటగాళ్లకు వచ్చే మామూలు గడ్డేనట.

"ఏం పని చేస్తరు మీరు?" అని అడిగింది డాక్టరమ్మ. "లెక్చరరా?"

సువార్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గడ్డ తీశారు గానీ, నెలరోజులు నోరు తెరవొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "గుసగుస కూడ వద్దు. గుసగుసలాడితే గొంతుకు ఇంకా నష్టం. సైగలు చేయుండ్రి, ఫోన్‌ల టైపు చేయుండ్రి. మాట్లాడితే మళ్ల ఆపరేషనే."

విన్సెంట్‌కు మెదడు నిండా మాటలు, బయటికి దారి లేదు. ఏం కావాలన్నా ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుని, తప్పు పడితే చెరిపి, మళ్లీ కొట్టి, ఆమె దగ్గరికి నడిచిపోయి చూపించాలి. కళ్లద్దాలు లేకుండా ఆమె చదవలేదు. కళ్లద్దాలు వెతికి పెట్టుకునేలోగా ఫోను ఆరిపోయేది. ఇంట్లోకి పిల్లి వచ్చిందని చెప్పడానికి ఆయన టైపు చేస్తుండగానే పిల్లి పాలు తాగి, మూతి నాక్కుని వెళ్లిపోయింది.

సరిగ్గా ఆ నెలే రికార్డు మిత్రులు మట్టెవాడకు రావాల్సిన వంతు. ఈసారికి వద్దని విన్సెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. చంద్రమౌళి వెంటనే ఫోను చేశాడు, సువార్తమ్మ ఎత్తింది.

"వదినా, డాక్టరమ్మ అన్నను మాట్లాడొద్దన్నది గని రికార్డును మాట్లాడొద్దన్లే కదా? మేం వస్తాన్నం. అన్నను ఒక్కడ్నే కూసోబెట్టి మేం ఏం విని ఏం లాభం?"

విన్సెంట్ పక్కనే నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాడు. సువార్తమ్మ ఆ చెయ్యి చూసి కూడా, "రాండ్రి తమ్మీ, సర్వపిండి చేస్తా" అన్నది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. హాల్లో కుర్చీలు గోడకు జరిపి, కింద చాప వేశారు. రోగిని చూడ్డానికి వచ్చినవాళ్లలా మొదట అందరూ మెల్లగా మాట్లాడారు. హరికృష్ణ అయితే ఈయనకు చెవులు కూడా పనిచెయ్యడం లేదనుకున్నాడో ఏమో, "కాకా! మంచిగున్నావే?" అని చేతులు తిప్పుతూ గట్టిగా అరిచాడు. విన్సెంట్ తల ఊపాడు. నాకు చెవుడు కాదురా అని టైపు చేద్దామనుకుని, అంత ఓపిక లేక వదిలేశాడు.

మొదట చంద్రమౌళి తన రికార్డు పెట్టాడు. నాటకంలో కోపంతో వెళ్లిపోతున్న రాజును మంత్రి ఆపుతున్న ఘట్టం. హార్మోనియం ఒక పక్క, గొంతు ఒక పక్క. విన్సెంట్ ఇట్లాంటివి ఎన్నోసార్లు విన్నాననే అనుకున్నాడు. ఆ రోజు తెలిసింది, ఒక్కసారి కూడా వినలేదని. ఇన్నాళ్లూ పద్యం మొదలవగానే చంద్రమౌళి చెవి దగ్గరికి వంగి, ఇదే తాళం జాజ్‌లో అయితే ఎట్లా మారుతుందో చెప్పేవాడు. ఇప్పుడు చెప్పే వీలులేక చాప మీద కూర్చుని ఉంటే, ఆ గాయకుడు ఒక్క ఊపిరిలో రాగాన్ని ఎక్కడిదాకానో తీసుకుపోయి, ఇక తెగిపోతుందనగా, అక్కడి నుంచి మెల్లగా దించి మాట దగ్గర పెట్టాడు. విన్సెంట్ ఒళ్లు జలదరించింది. సాక్సఫోన్ వాయించేవాళ్లు చేసేది ఇదేగదా, ఇన్నేళ్లు పక్కన కూర్చుని ఏం వింటున్నాను నేను, అనుకున్నాడు. అది చంద్రమౌళికి చెప్పాలి. ఫోను తీశాడు. 'మౌళి సార్, ఆ ఊపిరి' అని కొట్టేసరికి రికార్డు అయిపోయింది. చంద్రమౌళి లేచి సుభాషిణికి చోటిచ్చాడు. సుభాషిణి గజల్ కూడా అయింది. హరికృష్ణ పాటకు అందరూ గొంతు కలిపారు. విన్సెంట్ మోకాలి మీద తాళం వేశాడు.

తరువాత తన వంతు.

ఆయన బీరువా తెరిచి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి అడుగు అరలోంచి ఒకటి తీశాడు. మిగతావాటిలా ఇది ఎప్పుడూ స్కూటర్ ఎక్కలేదు. నీలిరంగు అట్ట, మూలలు అరిగిపోయి గుడ్డపీలికలా ఉన్నాయి. అట్ట మీద ఒకాయన కుర్చీలో తల వంచుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. ఒళ్లో సాక్సఫోన్. దాని ఇంగ్లీషు పేరు ఇంత పొడుగు. చెప్పే గొంతు ఉంటే విన్సెంట్ ఆ పేరు దగ్గరే పావుగంట ఆగేవాడు. ఇప్పుడు ఏమీ చెప్పకుండా సూది పెట్టి, వచ్చి తన చోట కూర్చున్నాడు.

మొదట లావుతీగల వాయిద్యం ఒక్కటే, ఖాళీ ఇంట్లో ఎవరో పచార్లు చేస్తున్నట్టు. ఆ తరువాత సాక్సఫోన్ అందుకుంది. బయట మట్టెవాడ సందులో ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. లోపల ఎవరూ కదల్లేదు.

విన్సెంట్ ఒక్కొక్కరి మొహం చూశాడు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు ఫోను తీస్తారు అని కాచుకున్నాడు. హరికృష్ణ కళ్లు మూసుకున్నాడు. పడుకున్నాడనుకుంటే కాదు, వేళ్లు కదులుతున్నాయి. సుభాషిణి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. వంటింట్లో సర్వపిండి గిన్నె దింపిన సువార్తమ్మ గడప దగ్గరికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఇరవై నిమిషాలు. ఏళ్ల తరబడి ఆయన అడుక్కున్నది అదే. ఆయన నోరు మూసుకున్న మొదటి ఆదివారమే అది దొరికింది. అది తలుచుకుంటే సంతోషపడాలో, గోడకు తల కొట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

రికార్డు ఆగింది. అసలు నరకం అప్పుడు మొదలైంది.

"ఎంత బాగున్నది!" అన్నది సుభాషిణి. "ఆ షెహనాయి..."

విన్సెంట్ ఉలిక్కిపడి ఫోను అందుకున్నాడు. 'షెహనాయి కాదు' అని కొట్టడం మొదలుపెట్టాడు.

"షెహనాయి కాదమ్మా, క్లారినెట్టు," అన్నాడు చంద్రమౌళి తెలిసినవాడిలా. "మా నాటకాల్ల కూడ వాయించేటోళ్లు. ఈయన సావేరి రాగం వాయించిండు. చివర్ల ఒకచోట తప్పిండు గని, మళ్ల సర్దుకున్నడు."

విన్సెంట్ రెండు చేతులూ పైకెత్తాడు. సావేరి! తప్పాడట! ఆ తప్పు అన్నచోటే కదా ఆ మనిషి గొప్పతనమంతా ఉన్నది! కొట్టినదంతా చెరిపి, 'క్లారినెట్టు కాదు సావేరి కాదు తప్పలేదు' అని మొదలుపెట్టాడు. ఫోను తనంతట తాను 'సావేరి'ని 'సవారి' చేసింది.

"అంతకంటే ఆ బేస్ చూసినవా సార్?" అన్నాడు హరికృష్ణ. "నా దగ్గరున్న పెద్ద డబ్బాల్ల పెడితే గోడలు అదురుతయ్. కాకా, ఇది నాకు ఒక్కసారి ఇస్తే మొన్న కొన్న సెట్టు టెస్ట్ చేసుకుంట."

విన్సెంట్ చెయ్యి గట్టిగా అడ్డం తిప్పాడు.

"ఛాయ్‌ల చక్కెర వెయ్యొద్దా?" అన్నది సుభాషిణి, వంటింట్లోంచి కప్పులు తెస్తూ. ఆయన ఆ చెయ్యి తన కోసమే ఊపాడనుకుంది.

ఆయన ఫోను ఆమె ముందు పెట్టాడు. ఆమె పైకి చదివింది: "'క్లారినెట్టు కాదు సవారి కాదు తప్పలేదు.' తప్పలేదా? అంటే చక్కెర వెయ్యాల్నా అన్నా?"

హరికృష్ణ పగలబడి నవ్వాడు. చంద్రమౌళి కూడా నవ్వాడు. విన్సెంట్ ఫోను చాప మీద పడేసి, మొహం అటు తిప్పుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

గడప దగ్గర నిలబడ్డ సువార్తమ్మ ఆయన్ను చూసింది, పక్కనే గోడకు ఆనించిన నీలిరంగు అట్టను చూసింది. ఒక్కసారి నవ్వు ఆపుకోలేక కొంగు మొహానికి కప్పుకుంది.

"ఏమైంది వదినా?" అడిగాడు చంద్రమౌళి.

"ఏం లేదు తమ్మీ. మా మామ దీన్ని అలిగినాయన రికార్డు అనేటోడు. ఈ అలిగినాయన్ను చూస్తే ఆ అలిగినాయన యాదికొచ్చిండు."

విన్సెంట్ తల గభాలున పైకెత్తాడు. ఆ పేరు ఇంటి బయట ఎవరి నోటా రాకూడదని ఆయన కాలేజీ రోజుల నుంచి కోరుకున్నాడు. ఆయన తండ్రి ఇమ్మానుయేలు డోర్నకల్ లోకోషెడ్డులో ఫిట్టరు. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు తన ప్లేయరునూ, ట్రంకుపెట్టెడు రికార్డులనూ ఆయనకు ఇచ్చేసి పోయాడు. ఇమ్మానుయేలుకు ఇంగ్లీషు అక్షరం రాదు. అట్ట మీది బొమ్మను బట్టి పేర్లు పెట్టుకున్నాడు: గొడుగామె, నాలుగు టోపీలు, అలిగినాయన. ఒకసారి విన్సెంట్ కాలేజీ స్నేహితులు ఇంటికొస్తే, తండ్రి వాళ్ల ముందే "నాలుగు టోపీలు పెట్టనా నాయనా?" అన్నాడు. వాళ్లు ఏడాదంతా విన్సెంట్‌ను నాలుగు టోపీలనే పిలిచారు. ఆ తరువాతే ఆయన ప్రతి రికార్డు వెనక ఉన్న ఇంగ్లీషంతా బట్టీ పట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆమె చెప్పబోతుంటే ఆపడానికి గొంతు లేదు. కళ్లతో వద్దన్నాడు. ఆమె ఆ కళ్లను పట్టించుకోకుండా చాప అంచున కూర్చుంది.

"నా పెండ్లయిన కొత్తల," అన్నది ఆమె, "మేం డోర్నకల్ల రైల్వే క్వార్టర్లనే ఉంటిమి. ఈయనకు అప్పుడే కొత్తగ డ్యూటీ. ఒకనాడు ఏదో మాటామాటా అనుకున్నం. నాకు చెప్పకుంటనే డ్యూటీకి పోయిండు. నాకు ఒళ్లు మండింది. పెట్టె సదురుకోని, కాజీపేట ప్యాసింజర్ల మా అమ్మగారింటికి పోదామని బయటికొచ్చిన. మా మామ అరుగు మీద ఈ రికార్డు తుడుచుకుంట కూసున్నడు. నా చేతుల పెట్టె చూసిండు. ఎటు పోతాన్నవని అడగలే. వద్దని కూడ అనలే. 'ఈయన కూడ అలిగిండు బిడ్డా' అని ఈ అట్ట చూపిచ్చిండు. 'చివరికి ఏమైతదో ఇని పో' అన్నడు."

హరికృష్ణ కప్పు కింద పెట్టాడు.

"పెద్దాయన మాట, కాదనలేక కూసున్న. పాటేమో ఒక్క ముక్క అర్థం కాలే. అసలు పాటనే లేదు, మాటల్లేవు! మొదలు వాడెవడో గునుస్తాండు. పక్కోడు బతిమాలుతాండు. మళ్ల గునుస్తాండు. ఇగ తీరుతది, ఇగ తీరుతదని నేను చూస్తనే ఉన్న. చివరికొచ్చేసరికి, మౌళి తమ్మీ, నువ్వు తప్పిండు అంటివి చూడు, అక్కడ అలక తీరుతది. మనిషి ఏడ్పు ఆపుకున్నప్పుడు గొంతు ఎట్ల పలుకుతది చూడు, అట్ల. అప్పటిదాక పట్టి కూసున్నోడు అక్కడ ఇడిసిపెడ్తడు. నాకూ కండ్లల్ల నీళ్లొచ్చినయ్. తల ఎత్తి చూస్తే స్టేషన్ దిక్కు పొగ కనబడ్డది. బండి పోయింది."

"మీ మామగారు ఏమన్నరు?" అడిగింది సుభాషిణి.

"ఏమంటడు? 'రేపు కూడ ఉన్నది బిడ్డా బండి' అన్నడు. పెట్టె తీస్కపోయి లోపల పెట్టి అన్నం వండిన. తెల్లారి ఈయనొచ్చిండు. ఈయనకు నేను పెట్టె సదిరింది తెలియదు, బండి పోయింది తెలియదు. పాడుమొకం పెట్టుకోని వచ్చి అన్నం తిన్నడు."

ఆమెకు జాజ్ అంటే గిట్టదని విన్సెంట్ ఇన్నేళ్లు నమ్మాడు. ఈ రికార్డు తీసినప్పుడల్లా ఆమె వంటింట్లోకి పోయేది. గిట్టకే పోతోందనుకుని తలుపు దగ్గరేసుకుని వినేవాడు. ఫోను వెతికి తీశాడు. ఒక్కో అక్షరం కొట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆమె చేతికిచ్చాడు. సుభాషిణి తన కళ్లద్దాలు తీసి ఆమెకు అందించింది.

'నాకు ఎందుకు చెప్పలే' అని ఉంది.

"మీరెప్పుడు మాట్లాడనిచ్చిన్లు?" అన్నది సువార్తమ్మ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అన్నది. లేచి సర్వపిండి తేవడానికి పోయింది.

విన్సెంట్‌కు కోపం రాలేదంటే అబద్ధం. చాలా వచ్చింది. ఆమె మీద, చచ్చిపోయిన తండ్రి మీద, అన్నిటికంటే ఎక్కువ తన గొంతు మీద. ఒక్క ప్రశ్న అడగాలంటే పది నిమిషాలు పట్టే స్థితిలో ఇంత పెద్ద సంగతి చెబుతుందా మనిషి? ఏ మాట మీద గొడవయింది? ఆ రోజు తను ఏమన్నాడు? తండ్రి ఇంకేమన్నాడు? అవన్నీ అడగడానికి ఆయనకు ఆ వారమంతా పట్టింది. వంటింట్లో పీట మీద కూర్చుని కొట్టేవాడు. ఆమె కూరగాయలు కోస్తూ చెప్పేది. మధ్యలో అడ్డం వచ్చే వీలు లేదు కాబట్టి ఆమె చెప్పినంతా విన్నాడు. గొడవ అయింది ఒక చేపలకూర మీద అని తెలిసి ఆయనకు మళ్లీ విసుగొచ్చింది.

నెల తిరిగాక డాక్టరమ్మ గొంతు చూసి, రోజుకు కొంచెం కొంచెంగా మాట్లాడొచ్చని ఒప్పుకుంది. గొంతు మునుపటిలా రాలేదు, సన్నగా, కొంచెం గరగరగా వచ్చింది. తరువాతి ఆదివారం సుభాషిణి ఇంట్లో ముగ్గురూ చేతులు కట్టుకుని, బడిపిల్లల్లా ఆయన ముందు కూర్చున్నారు.

"చెప్పు విన్సెంటన్నా," అన్నాడు చంద్రమౌళి. "నెల దినాలు ఆపుకున్నవు. ఎంతసేపైనా ఇంటం."

"అది సాక్సఫోన్," అన్నాడు విన్సెంట్. "షెహనాయి కాదు. క్లారినెట్టు కాదు."

"సరే."

"సావేరి కాదు."

"అదొక్కటి నేనొప్పుకోను," అన్నాడు చంద్రమౌళి.

విన్సెంట్‌కు ఎక్కడ లేని కోపం తన్నుకొచ్చింది. గొంతు పెంచబోతే కీచుమంది. సుభాషిణి నీళ్లిచ్చింది. నీళ్లు తాగేసరికి, చంద్రమౌళికి ఇంకోటి చెప్పాల్సి ఉందని గుర్తొచ్చింది. పోయిన నెల పద్యంలో ఆ ఒక్క ఊపిరి సంగతి. అది చెప్పాడు. ఆ గాయకుడు అంత పొడుగు రాగం తీసి దాన్ని ఎట్లా దించాడో, తన ఒళ్లు ఎట్లా జలదరించిందో చెప్పాడు. లెక్చరర్‌గా ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన చంద్రమౌళి అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నిజంగనే ఇన్నవా అన్నా?"

"ఇన్న. గొంతు లేకుండె గద."

ఆ తరువాత అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. విన్సెంట్ ఇప్పటికీ సూది పెట్టేముందు మాట్లాడతాడు, కాకపోతే గొంతు అలిసిపోతుంది కాబట్టి తొందరగా ముగిస్తాడు. హరికృష్ణ ఇప్పటికీ ఆ రికార్డును పెద్ద డబ్బాల్లో పెట్టనిమ్మని అడుగుతాడు. ముగ్గురిలో ఒక్కరూ దాని ఇంగ్లీషు పేరు పలకరు. అలిగినాయన్ను తెచ్చినవా అని అడుగుతారు. ఒకటి రెండుసార్లు సరిదిద్దబోయి మానుకున్నాడు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి చంద్రమౌళి. ఆయనకు ఈ వయసులో జాజ్ పిచ్చి పట్టింది. పెళ్లికని హైదరాబాద్ పోతే అక్కడ పాత సామాన్ల బజారులో వెతికాడట. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, విన్సెంట్ ఇంకా పళ్లు తోముకోకముందే ఫోను.

"అన్నా, ఒకటి దొరికింది. మస్తున్నది. అట్ట మీద బూర పట్టుకున్నోళ్లు ఉన్నరు. ఇను."

ఫోను ప్లేయరు దగ్గర పెట్టినట్టున్నాడు. దన్ దన్‌మని డ్రమ్ములు, లయ తప్పని బూరలు, మధ్యలో ఎవరో "సావధాన్" అని అరిచారు.

విన్సెంట్ నుదురు పట్టుకున్నాడు. "మౌళి సార్, అది పోలీసు బ్యాండు. పరేడ్ రికార్డు."

"జాజ్ కాదా?"

"కాదు!"

"బూరలున్నయ్ కదా?"

"బూరలుంటే జాజ్ అయితదా సార్? మా గల్లీల బారాత్ పోయినా బూరలుంటయ్!"

"గట్లనా," అన్నాడు చంద్రమౌళి, గొంతులో ఉత్సాహమంతా దిగిపోయి. "ఇంకో నాలుగు తెచ్చిన. అవ్వి కూడ గిసొంటియేనేమో మరి."

సువార్తమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. విన్సెంట్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకేం పెట్టకుండ్రి, సూది పాడైతది," అన్నాడు. "ఛాయ్ తాగి వస్తాన్న. ఐదూ ఇందాం."

ఫోను పెట్టేసి, చొక్కా కోసం వెతుక్కుంటూ, పోలీసు బ్యాండంట, పొద్దుపొద్దున, అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

"గొంతు, గొంతు," అని కేకేసింది సువార్తమ్మ.